హార్మోన్ రిపోర్టు చేతికొచ్చాక వచ్చే సందేహాలు: నెలసరి, అండం, గర్భం గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

పిల్లల కోసం చూస్తున్నవాళ్లు, పీరియడ్స్ సరిగ్గా రానివాళ్లు, కూతురు మెచ్యూర్ అయ్యాక కంగారుపడే అమ్మలు, శుక్రకణాల కౌంట్ తక్కువుందని చెప్పించుకుని ఎవరికీ చెప్పుకోలేని మగవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్నలివి. ఒక విషయం ముందే చెప్పేస్తాను, కింద చాలా జవాబుల్లో అదే మళ్లీ మళ్లీ వస్తుంది కాబట్టి: ఈ హార్మోన్ల విషయంలో ఎంత ఉంది అన్నదానికంటే ఎప్పుడు ఉంది అన్నదే ముఖ్యం. రిపోర్టులో నంబర్ పక్కన ఎర్ర గుర్తు చూసి టెన్షన్ పడేముందు ఆ రక్తం నెలసరిలో ఎన్నో రోజున తీశారో చూడండి.

ఈ హార్మోన్లన్నీ తయారయ్యేది గర్భసంచిలోనేనా?

కాదు. గర్భసంచి ప్రధానంగా చెప్పింది వినే అవయవం. ఆజ్ఞ మొదలయ్యేది తలలో. మెదడు అడుగున ఉండే హైపోథలమస్ నుంచి జీఎన్‌ఆర్‌హెచ్ అనే చిన్న హార్మోన్ వస్తుంది, దాన్ని అందుకుని పిట్యూటరీ గ్రంథి ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్ అనే రెండు హార్మోన్లను రక్తంలోకి వదులుతుంది, అవి అండాశయాలకు చేరితే అక్కడ ఈస్ట్రోజెన్, ప్రొజెస్టెరాన్ తయారవుతాయి. ఈ రెండూ గర్భసంచి లోపలి పొర మీద పనిచేస్తూనే తిరిగి మెదడుకి కూడా కబురు పంపుతాయి, చాలు ఆపమనో ఇంకా కావాలనో. మాట రెండు వైపులా నడుస్తుంది కాబట్టే ఎక్కడ తేడా వచ్చినా చివరికి కనపడేది పీరియడ్స్‌లోనే.

ఇందులో నాకు బాగా నచ్చే ప్రయోగం ఒకటుంది. 1970ల చివర్లో అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో ఎర్న్‌స్ట్ నోబిల్ బృందం, సొంతంగా జీఎన్‌ఆర్‌హెచ్ తయారుకాని కోతులకు ఆ హార్మోన్‌ను బయటినుంచి ఎక్కించింది. గంటకోసారి కాస్త కాస్తగా ఇస్తే ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ చక్కగా వచ్చాయి. అదే హార్మోన్‌ని ఆపకుండా ధారగా ఇస్తే రెండూ పడిపోయాయి. మందు అదే, ఇచ్చే పద్ధతి మారితే ఫలితం తలకిందులైంది. మన శరీరంలోనూ అది దాదాపు గంట, గంటన్నరకోసారి విడతలుగానే వస్తుంది, నెలసరి రెండో సగంలో ఆ విడతల మధ్య ఎడం పెరుగుతుంది. ఐవీఎఫ్ (అండాన్ని ఒంటి బయట ఫలదీకరించే చికిత్స) చేయించుకునేవాళ్లకి కొన్ని పద్ధతుల్లో ముందుగా రోజూ ఇచ్చే ల్యూప్రొలైడ్ ఇంజక్షన్ పనిచేసేది ఈ సూత్రం మీదే, ఆపకుండా ఇచ్చి పిట్యూటరీని కొన్నాళ్లు నోరు మూయిస్తారు.

ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్ ఆడవాళ్ల హార్మోన్లే కదా, మా ఆయనకి ఎందుకు రాశారు?

మగవాళ్లలోనూ అవే ఉంటాయి. ఎల్‌హెచ్ వృషణాల చేత టెస్టోస్టిరాన్ చేయిస్తుంది, ఎఫ్‌ఎస్‌హెచ్ శుక్రకణాల తయారీకి కావాలి. కౌంట్ బాగా తక్కువుండి ఎఫ్‌ఎస్‌హెచ్ బాగా ఎక్కువుంటే సమస్య వృషణాల దగ్గరుందని, రెండూ తక్కువుంటే పైన మెదడు దగ్గరుందని డాక్టరుకి ఒక అంచనా దొరుకుతుంది.

నెలలో అసలు ఏ రోజు ఏం జరుగుతుంది?

రక్తం కనపడిన మొదటి రోజే ఒకటో రోజు. అప్పటికి ఈస్ట్రోజెన్, ప్రొజెస్టెరాన్ రెండూ అడుగంటి ఉంటాయి, వాటి అదుపు లేదు కాబట్టి ఎఫ్‌ఎస్‌హెచ్ కొంచెం పెరుగుతుంది, దాంతో అండాశయంలో కొన్ని ఫాలికిల్స్ ఒకేసారి ఎదగడం మొదలుపెడతాయి. ఫాలికిల్ అంటే అండం లోపల పెట్టుకుని నీరు నింపుకునే చిన్న సంచి. వాటిలో ఒకటి ముందుకు పోతుంది, అది వదిలే ఈస్ట్రోజెన్, ఇన్‌హిబిన్ అనే ఇంకో హార్మోన్ వల్ల ఎఫ్‌ఎస్‌హెచ్ తగ్గిపోతుంది, తగ్గిన ఎఫ్‌ఎస్‌హెచ్‌తో బతకగలిగేది ఆ పెద్దదొక్కటే, మిగతావి వాడిపోతాయి. మామూలుగా నెలకి ఒక్క అండమే రావడానికి కారణం ఇదే. ఐవీఎఫ్‌లో ఎఫ్‌ఎస్‌హెచ్ ఇంజక్షన్లు ఇచ్చి ఆ తగ్గుదలని అడ్డుకుంటారు, అందుకే అక్కడ పది, పన్నెండు అండాలు కూడా వస్తాయి. వచ్చే నెలల అండాలు ముందే ఖర్చయిపోతాయేమోనన్న భయం వద్దు, అవి ఎలాగూ ఈ నెలలోనే వాడిపోయేవి.

ఇక అసలు విచిత్రం. అప్పటిదాకా మెదడుని అణచిపెడుతూ వచ్చిన ఈస్ట్రోజెన్, మిల్లీలీటరు రక్తానికి 200 పికోగ్రాములు దాటి దాదాపు రెండు రోజులు అలాగే నిలబడితే తన తీరు మార్చుకుని మెదడుని ఉసిగొల్పుతుంది. ఎల్‌హెచ్ ఒక్కసారిగా ఎగుస్తుంది. ఆ పెరుగుదల మొదలైన దాదాపు 34 నుంచి 36 గంటలకి ఫాలికిల్ పగిలి అండం బయటికొస్తుంది. మెడికల్ షాపులో దొరికే ఓవ్యులేషన్ కిట్ పట్టేది ఈ ఎల్‌హెచ్‌నే.

అండం బయటికొచ్చాక మిగిలిన ఫాలికిల్ కార్పస్ లూటియంగా మారి ప్రొజెస్టెరాన్ చేస్తుంది. గర్భసంచి పొర దాంతో బిడ్డకి పరుపు సిద్ధం చేస్తుంది, ఒంటి వేడి కూడా కాస్త పెరుగుతుంది. గర్భం రాలేదంటే రెండు వారాల్లో కార్పస్ లూటియం వాడిపోతుంది, ప్రొజెస్టెరాన్ పడిపోతుంది, పొర రాలిపోతుంది. మళ్లీ ఒకటో రోజు.

నాకు 35 రోజులకొకసారి వస్తుంది. అయినా 14వ రోజే అండం విడుదలవుతుందా?

లేదు, మీకు దాదాపు 21వ రోజున అవుతుంది. నెలసరి పొడవు మారేది ఎక్కువగా మొదటి సగంలోనే, రెండో సగం దాదాపు 12 నుంచి 14 రోజులే ఉంటుంది. కాబట్టి లెక్క వచ్చే పీరియడ్ తేదీ నుంచి వెనక్కి వేయాలి. ఇంకొకటి, అండం బతికేది ఒక్క రోజు లోపే, శుక్రకణాలు మాత్రం లోపల ఐదు రోజుల దాకా ఉండగలవు. అందుకని గర్భం వచ్చే అవకాశం ఉన్నది విడుదలకి ముందు ఐదు రోజులు, విడుదలైన రోజు. ఫాలికిల్ పగిలిందని స్కాన్‌లో చూసుకుని ఆ మర్నాడు ప్రయత్నం మొదలుపెట్టేవాళ్లు సరైన రోజులన్నీ వదిలేసుకున్నట్టే.

రెండో రోజు రమ్మన్నారు, 21వ రోజు రమ్మన్నారు. ఏ రోజైతే ఏముంది?

చాలా ఉంది. ఎఫ్‌ఎస్‌హెచ్‌ని రెండు, మూడు రోజుల్లో చూస్తే అండాశయం ఎంత బలంగా ఉందో తెలుస్తుంది, అదే పరీక్ష నెల మధ్యలో చేస్తే ఎల్‌హెచ్‌తోపాటు అదీ ఎగిసి ఉంటుంది, ఆ నంబర్ చూసి మెనోపాజ్ (ముట్లుడగడం) వచ్చేసిందని ఏడ్చినవాళ్లున్నారు. ప్రొజెస్టెరాన్ పరీక్ష అండం విడుదలైందా లేదా అని తేల్చడానికి. దాన్ని 21వ రోజు చేయించమనేది 28 రోజుల వాళ్లకి, అంటే వచ్చే పీరియడ్‌కి వారం ముందు. మీది 35 రోజుల లెక్కయితే 28వ రోజున ఇవ్వాలి. 21వ రోజే ఇచ్చి, తక్కువొచ్చిందని మందులు మొదలుపెట్టించుకోవడం చాలాచోట్ల జరుగుతున్నదే. ల్యాబ్ వాళ్లు మీ నెలసరి ఎన్ని రోజులని అడగరు, మీరే చెప్పుకోవాలి.

పాలు తయారుచేయించే ప్రొలాక్టిన్ హార్మోన్ కూడా ఇలాంటిదే, టెన్షన్‌కీ నిద్రకీ పెరుగుతుంది, వాంతులకిచ్చే డోంపెరిడోన్ లాంటి మాత్రలకీ పెరుగుతుంది. కొంచెం ఎక్కువొస్తే ముందు అది మళ్లీ చేయించడమే మంచిది.

ఏఎంహెచ్ తక్కువుందన్నారు. ఇక పిల్లలు పుట్టరా?

ఏఎంహెచ్ అనే హార్మోన్ చిన్న ఫాలికిల్స్ నుంచి వస్తుంది, ఇంకా ఎన్ని మిగిలాయో ఒక అంచనా ఇస్తుంది. గాదెలో ఎన్ని బస్తాలున్నాయో చెప్తుంది గానీ గింజ మొలకెత్తుతుందో లేదో చెప్పదు. ఆ మొలకెత్తడమనేది ఎక్కువగా వయసుని బట్టి ఉంటుంది. ఏఎంహెచ్ తక్కువున్న 28 ఏళ్లామెకి, బాగా ఉన్న 41 ఏళ్లామెకంటే ఒక్కో అండం ఆరోగ్యంగా ఉండే అవకాశం ఎక్కువ. పీరియడ్స్ సరిగ్గా వస్తున్నవాళ్లు మామూలుగా గర్భం దాల్చగలరా లేదా అన్నది ఈ పరీక్ష తేల్చలేదు. ఐవీఎఫ్ ఇంజక్షన్లకి ఎన్ని అండాలు రావొచ్చన్నది మాత్రం బాగానే చెప్తుంది. మిగతావాటిలా కాకుండా దీన్ని నెలలో ఏ రోజైనా ఇవ్వొచ్చు.

ఆడపిల్ల పుట్టేసరికే అండాలన్నీ ఉంటాయి, దాదాపు 10 నుంచి 20 లక్షలు. మెచ్యూర్ అయ్యేసరికి మూడు, నాలుగు లక్షలకి తగ్గుతాయి. జీవితం మొత్తంలో విడుదలయ్యేవి నాలుగైదు వందలే.

పీసీఓడీలో నీటి బుడగలంటారు, ఆపరేషన్ చేసి తీసేయొచ్చా?

అవి బుడగలు కావు, ఎదగాల్సిన చోట ఎదగకుండా ఆగిపోయిన చిన్న ఫాలికిల్స్. తీసేయాల్సిన గడ్డలు కూడా కావు. జరిగేదేమిటంటే, మెదడు నుంచి వచ్చే జీఎన్‌ఆర్‌హెచ్ విడతలు వేగంగా ఉండి ఎల్‌హెచ్ ఎక్కువవుతుంది, చాలామందిలో ఇన్సులిన్ సరిగ్గా పనిచేయక అది కూడా రక్తంలో ఎక్కువవుతుంది, ఈ రెండూ కలిసి అండాశయం చేత మగ హార్మోన్లు ఎక్కువ చేయిస్తాయి. ఫాలికిల్ పెద్దదవక ఆగిపోతుంది, అండం విడుదలవదు, గడ్డం మీద వెంట్రుకలు, మొటిమలు, మెడ వెనక నలుపు వస్తాయి. మెడ నలుపుని మురికనుకుని రుద్దే అమ్మలకి చెప్పండి, అది ఇన్సులిన్ గుర్తు, సబ్బుతో పోదు.

బరువెక్కువున్నవాళ్లు ఐదు నుంచి పది శాతం తగ్గితే చాలామందికి పీరియడ్స్ దారిలో పడతాయి. పిల్లలు కావాలనుకునేవాళ్లకి అండం విడుదలకి లెట్రోజోల్ మాత్రలు ఇస్తారు. పిల్లలు ఇప్పుడే వద్దనుకునేవాళ్లు మాత్రం నెలల తరబడి పీరియడ్ రాకపోయినా హాయిగా ఉందిలే అని వదిలేయకూడదు. అండం విడుదల కాకపోతే ప్రొజెస్టెరాన్ ఉండదు, ఈస్ట్రోజెన్ ఒక్కటే గర్భసంచి పొరని పెంచుతూ పోతుంది, ఏళ్లు గడిస్తే అది క్యాన్సర్ వైపు మళ్లే ప్రమాదముంది. మూడు నెలలు రాకపోతే డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

వ్రతం ఉంది, తిరుపతి ప్రయాణం ఉంది. పీరియడ్ వెనక్కి జరిపే మాత్ర వేసుకుంటే ప్రమాదమా?

ఆ మాత్ర నోరెథిస్టెరాన్, ప్రొజెస్టెరాన్‌కి నకలు. అసలు ప్రొజెస్టెరాన్ పడిపోయే సమయంలో నకలు అందుతుంది కాబట్టి పొర రాలదు. పీరియడ్‌కి మూడు రోజుల ముందే మొదలుపెట్టాలి, ఆపిన రెండు మూడు రోజులకి వస్తుంది. మరకలు కనపడ్డాక వేసుకుని పనిచేయలేదంటే ఎలా. ఎప్పుడో ఒకసారి, ఆరోగ్యంగా ఉన్నవాళ్లు, డాక్టరుని అడిగి వాడితే పెద్దగా భయం లేదు. కానీ ఇది ఒంట్లో కొంతమేరకు ఈస్ట్రోజెన్‌గా కూడా మారుతుంది, అందుకే కాళ్లలో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవాళ్లు, కళ్ల ముందు మెరుపులతో మైగ్రేన్ వచ్చేవాళ్లు షాపులో అడిగి తెచ్చుకోకూడదు. శ్రావణమాసంలో పక్కింటావిడ మిగిలిన షీటు ఇచ్చిందని వేసుకోవడం అసలే వద్దు. ఇంకో మాట, ఇలా వాడినప్పుడు ఇది గర్భనిరోధక మాత్ర కాదు.

అమ్మాయి మెచ్యూర్ అయి ఏడాదైంది, రెండేసి నెలలకి వస్తోంది. పీసీఓడీనా?

తొందరపడి ఆ పేరు పెట్టకండి. మెదడుకీ అండాశయానికీ మధ్య ఆ ఇచ్చిపుచ్చుకోవడం కుదురుకోవడానికి రెండు, మూడేళ్లు పడుతుంది. ఆలోపు చాలా నెలల్లో అండం విడుదలే కాదు. ఆ వయసులో స్కాన్‌లో ఫాలికిల్స్ ఎక్కువగా కనపడటం కూడా మామూలే. మొదటి ఏడాది దాటాక కూడా మూడు నెలలు పూర్తిగా రాకపోతే, గంటకో ప్యాడ్ తడిసిపోతుంటే, 15 ఏళ్లొచ్చినా మొదలే కాకపోతే చూపించాలి.

పొడుగు సంగతి: పొడుగు వేగంగా పెరిగే దశ మెచ్యూర్ అవడానికి ముందే అయిపోతుంది. తర్వాత మామూలుగా ఐదు నుంచి ఏడు సెంటీమీటర్లే పెరుగుతారు, ఈస్ట్రోజెన్ ఎముకల చివర్లని మూసేస్తుంది కాబట్టి. చిమ్మిలి ఉండలు పెట్టండి, నువ్వుల్లో క్యాల్షియం, బెల్లంతో బలం ఉన్నాయి, కానీ వాటితో పొడుగు రాదు.

కౌంట్ 1.2 కోట్లుందన్నారు. పనికిరాదా?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన కింది హద్దు మిల్లీలీటరుకి 1.6 కోట్లు. ఏడాదిలోపు భార్యకి గర్భం వచ్చిన మగవాళ్లని తీసుకుని, వాళ్లలో అట్టడుగు ఐదు శాతం ఎక్కడున్నారో చూసి పెట్టిన గీత అది. అంటే ఆ గీత కింద ఉండి కూడా తండ్రులైనవాళ్లు ఆ లెక్కలోనే ఉన్నారు. ఒక్క రిపోర్టుతో ఏదీ తేల్చరు.

శుక్రకణం తయారవడానికి రెండు నెలలకి పైనే పడుతుంది, బయటికి రావడానికి ఇంకో రెండు వారాలు. మొన్న డెంగీ జ్వరమొచ్చి 103 డిగ్రీలు పోయిందనుకోండి, దాని దెబ్బ రెండు నెలల తర్వాతి రిపోర్టులో కనపడొచ్చు. సిగరెట్ మానినా, మందులు మొదలుపెట్టినా మూడు నెలలాగి చూడాలి.

ఇక జిమ్‌కెళ్లే కుర్రాళ్లు వినాల్సిన సంగతి. బయటినుంచి టెస్టోస్టిరాన్ ఇంజక్షన్ తీసుకుంటే మగతనం పెరుగుతుందనుకుంటారు. జరిగేది వేరు. రక్తంలో హార్మోన్ చాలా ఉందని చూసి మెదడు ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ ఆపేస్తుంది. వృషణాల లోపల టెస్టోస్టిరాన్ రక్తంలో ఉన్నదానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ ఉంటేనే శుక్రకణాలు తయారవుతాయి, అది కాస్తా పడిపోతుంది. కండలు వస్తాయి, కౌంట్ సున్నాకి పోతుంది. ఆపేస్తే చాలామందికి తిరిగి వస్తుంది, కానీ నెలలు పడుతుంది, కొందరికి ఏడాది దాటుతుంది. పిల్లలు పుట్టట్లేదని వెళ్తే కౌంట్ కోసం టెస్టోస్టిరాన్ రాసిన సందర్భాలు కూడా ఉన్నాయి, అది పెద్ద అన్యాయం.

నెల తప్పి రెండు రోజులైంది, కిట్‌లో ఒక్క గీతే. ఇక లేనట్టేనా?

కాదు. పిండం గర్భసంచి గోడకి అంటుకునేది అండం విడుదలైన ఎనిమిది నుంచి పది రోజులకి, ఎక్కువమందిలో. అప్పుడే కిట్ పట్టే హెచ్‌సీజీ అనే హార్మోన్ మొదలవుతుంది, తొలి రోజుల్లో రెండేసి రోజులకి రెట్టింపవుతుంది. అండం ఆలస్యంగా విడుదలై ఉంటే ఇంకా కిట్‌కి అందేంత ఉండదు. మూడు నాలుగు రోజులాగి పొద్దుటి మూత్రంతో చూడండి. తిరగబడ్డ కేసు కూడా ఉంది: ఫాలికిల్ పగలడానికి హెచ్‌సీజీ ఇంజక్షన్ తీసుకున్నవాళ్లు పది, పన్నెండు రోజుల్లోపు చూసుకుంటే రెండో గీత ఇంజక్షన్‌ది కావొచ్చు.

హెచ్‌సీజీ చేసే పని, కార్పస్ లూటియం వాడిపోకుండా నిలబెట్టడం. ఏడు నుంచి తొమ్మిది వారాల మధ్య ప్రొజెస్టెరాన్ బాధ్యత మాయ తీసుకుంటుంది. వారాలు లెక్కపెట్టేది చివరి పీరియడ్ మొదటి రోజు నుంచి కాబట్టి, నెల తప్పిన రోజుకే నాలుగు వారాలని రాస్తారు, అందులో మొదటి రెండు వారాల్లో గర్భమే లేదు. పెళ్లి తేదీతో పోల్చి అనుమానాలు పడేవాళ్లకి ఈ ఒక్క ముక్క చెప్తే కొన్ని ఇళ్లల్లో గొడవలు తగ్గుతాయి.

వేవిళ్లు ఒకరికి ఎక్కువ, ఒకరికి అసలు లేకపోవడం ఎందుకు?

చాలాకాలం హెచ్‌సీజీ మీదే నింద వేశారు. 2023 డిసెంబరులో నేచర్ పత్రికలో వచ్చిన పరిశోధన జీడీఎఫ్15 అనే హార్మోన్‌ని చూపించింది. బిడ్డ వైపు నుంచి, అంటే ఎక్కువగా మాయ నుంచి అది తల్లి రక్తంలోకి వస్తుంది. గర్భానికి ముందు ఒంట్లో అది తక్కువున్నవాళ్లకి వాంతులు ఎక్కువ, ముందే అలవాటున్నవాళ్లకి తక్కువ. కాబట్టి వేవిళ్లు ఎక్కువైతే అది మనసు బలహీనతా కాదు, నాటకమూ కాదు. మంచినీళ్లు కూడా నిలవకపోతే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఫోలిక్ యాసిడ్ మూడో నెలలో మొదలుపెడితే సరిపోతుందా?

ఆలస్యం. బిడ్డ వెన్నుపాము గొట్టం మూసుకునేది ఫలదీకరణం జరిగిన 28 రోజుల్లోపే, అంటే నెల తప్పిన రెండు వారాలకి. అందుకే ప్రయత్నం మొదలుపెట్టే నెల ముందు నుంచే రోజుకి 400 మైక్రోగ్రాములు వేసుకోవాలి. ముందు బిడ్డకి ఆ గొట్టం మూసుకోని లోపం ఉన్నవాళ్లకి డోసు ఎక్కువ. బ్రిటన్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ 1991లో ప్రచురించిన ట్రయల్‌లో 4 మిల్లీగ్రాములతో ఆ లోపం మళ్లీ రావడం 72 శాతం తగ్గింది. ఈ ఫోలిక్ యాసిడ్‌ని 1940ల్లో అమెరికాలోని లెడర్లీ ల్యాబ్‌లో తయారుచేసిన బృందాన్ని నడిపింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారే.

వరసగా ఆడపిల్లలే. కోడలిలో ఏమైనా లోపమా?

అండంలో ఎప్పుడూ ఎక్స్ క్రోమోజోమే. వై వస్తే తండ్రి నుంచే రావాలి. లోపమన్న మాటే తప్పు.

పాలిస్తున్నంతకాలం గర్భం రాదంటారు, నిజమేనా?

మూడు షరతులూ ఉంటేనే: బిడ్డకి ఆరు నెలలు నిండకూడదు, పగలూ రాత్రీ తల్లిపాలే పట్టాలి, పీరియడ్ మొదలై ఉండకూడదు. అప్పుడు 98 శాతం దాకా రక్షణ ఉంటుంది, బిడ్డ చప్పరింపు మెదడు నుంచి వచ్చే జీఎన్‌ఆర్‌హెచ్ విడతలని నెమ్మదింపజేస్తుంది కాబట్టి. ఏదొకటి తప్పితే లెక్క పోయింది. కాన్పు తర్వాత మొదటి పీరియడ్ కంటే ముందే అండం విడుదల కావొచ్చు, అందుకే ఒక్కసారీ పీరియడ్ రాకుండానే రెండో గర్భం వచ్చినవాళ్లున్నారు.

పిల్లలు పుట్టకుండా ఆడవాళ్లకి చేసే ట్యూబెక్టమీ, మగవాళ్లకి చేసే వేసెక్టమీ వల్ల హార్మోన్లు తగ్గుతాయా?

తగ్గవు. ట్యూబుల్లో వెళ్లేది అండమో శుక్రకణాలో. హార్మోన్లు వెళ్లేది రక్తంలో. వేసెక్టమీ తర్వాత టెస్టోస్టిరాన్, కోరిక, వీర్యం పరిమాణం దాదాపు ఎప్పటిలాగే ఉంటాయి. ఆ ఆపరేషన్ ఆడవాళ్లదానికంటే చిన్నది, సులువైంది, అయినా మన దగ్గర కత్తి కిందికి వెళ్లేది దాదాపు ఎప్పుడూ ఆడవాళ్లే.

పిల్లలు పుట్టేశారు, ఇబ్బంది పెడుతోంది, గర్భసంచి తీయించేసుకుంటే పోలా?

ఈ ప్రశ్న మన రెండు రాష్ట్రాల్లో వినిపించినంతగా ఇంకెక్కడా వినపడదేమో. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల్లో గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్ల శాతం ఎక్కువున్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ముందు వరసలో ఉన్నాయి, అదీ 40 రాకముందే చేయించుకున్నవాళ్లు చాలామంది. తెల్లబట్ట అవుతోందనో, నడుం నొప్పనో, క్యాన్సర్ వస్తుందని ఎవరో భయపెట్టారనో. తెల్లబట్టకి మందులున్నాయి. నడుం నొప్పికి గర్భసంచి కారణం కావడం అరుదు.

గర్భసంచితోపాటు అండాశయాలూ తీసేస్తే ఆ రోజునుంచే మెనోపాజ్. మామూలుగా మన దేశంలో 46, 47 ఏళ్ల ప్రాంతంలో రావాల్సినది, 32 ఏళ్లకి తీయించుకున్నామెకి అప్పుడే వచ్చేస్తుంది: ఒంట్లో ఆవిర్లు, నిద్ర పట్టకపోవడం, ఎముకలు గుల్లబారడం, గుండెకి ఉన్న రక్షణ తగ్గడం. అండాశయాలు ఉంచినా అవి కాస్త ముందుగా అలిసిపోయే అవకాశముంది. కాబట్టి సంతకం పెట్టేముందు రెండు ప్రశ్నలు అడగండి: మందులతో, గర్భసంచిలో పెట్టే హార్మోన్ లూప్‌తో తగ్గదా? అండాశయాలు కూడా తీస్తున్నారా, ఎందుకు? తీసేశాక ఆ ఆపరేషన్ కాగితాలు జాగ్రత్తగా దాచుకోండి, తర్వాత డాక్టరు మొదట అడిగేది అదే. పెద్ద గడ్డలో, ఆగని రక్తస్రావమో, క్యాన్సరో అయితే తీయించుకోవాల్సిందే, అక్కడ వెనకాడొద్దు.

ముట్లుడిగాక గర్భం రావడం సాధ్యమా?

సొంత అండంతో కాదు, అండాలు అయిపోయాయి కాబట్టి. గర్భసంచి మాత్రం ఈస్ట్రోజెన్, ప్రొజెస్టెరాన్ బయటినుంచి ఇస్తే ఆ వయసులోనూ స్పందిస్తుంది. 2019 సెప్టెంబరులో గుంటూరులో 70 దాటిన మహిళ ఐవీఎఫ్‌తో కవల ఆడపిల్లల్ని కన్నది అలాగే, అండం వేరే దాత ఇచ్చినది. శరీరం వినడం వేరు, తట్టుకోవడం వేరు. ఆ వయసులో బీపీ, షుగరు, గుండె మీద పడే భారం చాలా ఎక్కువ, ఆ చికిత్స చేసి ఉండకూడదని డాక్టర్లే అప్పట్లో విమర్శించారు. 2021లో వచ్చిన చట్టం ప్రకారం ఇప్పుడు మహిళకి 50, మగవాళ్లకి 55 ఏళ్లు దాటితే ఈ చికిత్స చేయకూడదు.